కుక్క బొచ్చు వేస్తుంటే చీపురు కట్టలా వస్తోంది, ఎక్కడ తప్పుతున్నాను?

కిట్టు_కుంచె
మూడు నెలల నుంచి ఒకే కాన్వాస్ ముందు కూర్చుంటున్నాను. ఆయిల్స్, 16×20 అంగుళాలు, పదకొండేళ్లు మాతో ఉండి పోయిన మా కుక్క ముఖం, ఛాతీ వరకు. గోధుమ రంగు పొడుగు బొచ్చు, ఛాతీ మీద తెలుపు. కళ్లు కుదిరాయి, ముక్కు కుదిరింది. బొచ్చు దగ్గరే నా పని అయిపోయింది. సున్నా నంబరు రౌండ్ బ్రష్‌తో ఒక్కో వెంట్రుకా వేశాను, ఒట్టు, ఒక్కటి కూడా ఎగ్గొట్టలేదు. దగ్గర నుంచి చూస్తే వెంట్రుకలే. నాలుగడుగులు వెనక్కి వేసి చూస్తే చీపురు కట్టకి కళ్లు పెట్టినట్టుంది. మా అమ్మాయి చూసి "నాన్నా, దీనికి ఇప్పుడే స్నానం చేయించావా?" అంది. ఫోటో పెడుతున్నాను. తిట్టినా పర్లేదు, సంగతేంటో చెప్పండి.

సన్నగీత
చూశా. వెంట్రుకలన్నీ ఒకే పొడవు, ఒకే లావు, ఒకే రంగు. కవాతుకి నిలబెట్టినట్టున్నారు పాపం.

బొగ్గుముక్క
మీ అమ్మాయికి కన్ను ఉంది. ఆమెకి బ్రష్ ఇచ్చి మీరు పక్కన కూర్చోండి.

పాతకాన్వాస్
కిట్టు గారూ, ఒక పని చెయ్యండి. మీ బొమ్మ ఫోటో, అసలు కుక్క ఫోటో రెండూ ఫోన్లో బ్లాక్ అండ్ వైట్ చేసి పక్కపక్కన పెట్టి, కళ్లు సగం మూసి చూడండి. అసలు ఫోటోలో చెవి కింద, దవడ కింద, మెడ మడత దగ్గర చీకటి గుంటలు కనిపిస్తాయి. నుదురు, ముక్కు దూలం, బుగ్గ పైభాగం వెలుగులో ఉంటాయి. మీ బొమ్మలో చెవి కింద వెంట్రుకా నుదుటి మీద వెంట్రుకా ఒకేలా మెరుస్తున్నాయి. దాంతో పుర్రె మాయమైంది. బొచ్చు ఎంత గుబురుగా ఉన్నా కింద ఎముకా కండా ఉంటాయి కదా. ఆ గుండ్రనితనం పోయిందంటే మిగిలేది చీపురే.

నేనైతే మొదటి రోజు ఒక్క వెంట్రుక కూడా వెయ్యను. వెడల్పాటి ఫ్లాట్ బ్రష్‌తో మూడే టోన్లు: నీడ, మధ్యరకం, వెలుగు. అంతే. గది అవతలి మూల నుంచి చూసినా అది ఫలానా కుక్క అని తెలియాలి. అప్పుడు తెలియకపోతే పైన లక్ష వెంట్రుకలు వేసినా తెలియదు.

సున్నాబ్రష్
మొదలైంది. పాతకాన్వాస్ గారికి వెంట్రుక కనబడితే ఒళ్లు మంట. చిత్రకారుడు వాన్ ఐక్ 1434లో వేసిన ఆర్నోల్ఫిని దంపతుల బొమ్మలో కింద నిలబడ్డ చిన్న కుక్కని జూమ్ చేసి చూడండి. అదీ ఆయిలే, ఓక్ పలక మీద. వెంట్రుకలు లెక్కపెట్టుకోవచ్చు. ఇన్‌ఫ్రారెడ్‌లో పరీక్షిస్తే ఆ కుక్కకి కింద స్కెచ్ కూడా లేదని తేలింది. నేరుగా రంగుతోనే వేసేశాడు మహానుభావుడు.

పాతకాన్వాస్
స్కెచ్ లేనంత మాత్రాన టోన్ లేనట్టు కాదండీ. ఆ వెంట్రుకల సందుల్లో చీకటి ఎలా ఉందో చూడండి. ఇంకోటి, ఆ బొమ్మ మొత్తం కలిపి సుమారు 82×60 సెంటీమీటర్లు. అందులో ఇద్దరు మనుషులు, మంచం, అద్దం, పైనుంచి వేలాడే దీపం పోగా కుక్క వాటా ఎంత? కిట్టు గారికి కాన్వాస్ నిండా ముఖమే.

సున్నాబ్రష్
సరే, చీకటి ఉంది. కానీ వెంట్రుకలూ ఉన్నాయి.

పాతకాన్వాస్
ఉన్నాయి. ఆఖర్న.

రెండోకోటు
చిత్రకారుడు డ్యూరర్ వేసిన కుందేలు కూడా ఉందిగా, ఆయిల్స్‌లో వెంట్రుక వెంట్రుకా వేసింది.

బొగ్గుముక్క
ఆయిల్స్ కాదు సార్. 1502లో వాటర్ కలర్, గ్వాష్‌తో (చిక్కటి వాటర్ కలర్) కాగితం మీద వేసింది.

సన్నగీత
రంగు ఏదైనా ఆ కుందేలు నుంచి నేర్చుకోవాల్సింది మాత్రం ఉంది. కింద పలచటి గోధుమ రంగు పూత, దాని మీద ముదురు గీతలూ లేత గీతలూ. చెవి మీద వెంట్రుక వేరు, తొడ మీద వేరు, ఛాతీ మీద వేరు. ఒక్కో చోట ఒక్కో దిక్కు, ఒక్కో పొడవు. కిట్టు గారి కుక్కకి లేనిది అదే.

గాలివాటు
దిక్కు గురించి. బొచ్చు వేసే ముందు ఒక ట్రేసింగ్ పేపర్ మీద ముఖం గీసి, దాని నిండా బాణం గుర్తులు వేసుకుంటాను నేను. ముక్కు కొస దగ్గర మొదలై దూలం మీదుగా వెనక్కి, కళ్ల మధ్య నుంచి నుదుటి పైకి, కంటి చుట్టూ బయటికి, బుగ్గ దగ్గర కిందికి. ముక్కు మీద వెంట్రుక మిల్లీమీటర్లలో ఉంటుంది, మెడ దగ్గరికొచ్చేసరికి వేలంత. రెండు ప్రవాహాలు ఎదురయ్యే చోట సుడి ఉంటుంది. చాలామంది ఆ సుడులే వదిలేస్తారు.

ఇంకో మాట. మనవైపుకి తిరిగిన చోట వెంట్రుక పొడవు కనబడదు, మొన మాత్రమే కనబడుతుంది. అక్కడ గీతలు పెట్టకూడదు, పొట్టి చుక్కల్లాంటి అద్దకం చాలు. మీరు నుదుటి మధ్యలో కూడా పొడుగు గీతలు లాగారు.

మీరు పదకొండేళ్లు నిమిరిన కుక్క కదా. కళ్లు మూసుకుని చెయ్యి ఎటు జారేదో గుర్తు తెచ్చుకోండి. ఫోటో కంటే అదే నయం.

కిట్టు_కుంచె
గాలివాటు గారూ, ఆ చివరి మాటకి కాసేపు బ్రష్ పక్కన పెట్టాల్సి వచ్చింది.

పిల్లితో_బతుకు
తెల్ల బొచ్చు గురించి నా గోడు. తెల్ల పిల్లిని వేద్దామని ట్యూబులో వైట్ సగం ఖాళీ చేశా. సుద్దముక్క తయారైంది. తర్వాత తెలిసింది, తెల్ల పిల్లిలో అచ్చమైన తెలుపు ఉండేది మహా అయితే గోరంత. మిగతాదంతా బూడిద, లేత నీలం, లేత పసుపు, చెవి దగ్గర గులాబీ. ఇప్పుడు నీడకి అల్ట్రామరైన్ నీలంలో బర్న్ట్ అంబర్ (ముదురు గోధుమ రంగు) కలిపి, దాన్ని వైట్‌తో తేలిక చేస్తాను. ఉత్త వైట్ చివరి రోజున మాత్రమే మూత తీస్తా.

రెండోది, తడి కాన్వాస్ పక్కన అసలు పిల్లి పడుకుంది. బొమ్మ భుజం మీద ఇప్పుడు పద్నాలుగు నిజమైన వెంట్రుకలు ఉన్నాయి. చూసినవాళ్లందరూ అక్కడే "అబ్బ, ఎంత సహజంగా ఉందో" అంటున్నారు.

సున్నాబ్రష్
😂 మిక్స్‌డ్ మీడియా అని రాసెయ్యండి.

గుర్రాల_పిచ్చి
పొట్టి బొచ్చుకి ఈ గొడవ ఏదీ లేదు, హాయిగా గుర్రాలు వేసుకోండి. గుర్రం ఒంటి మీద వెంట్రుక వెయ్యనే అక్కర్లేదు. నిగనిగ వస్తే చాలు, ఆ మెరుపు కండని పట్టుకుని నడుస్తుంది. చిత్రకారుడు స్టబ్స్ 1762 ప్రాంతంలో వేసిన విజిల్‌జాకెట్ అనే గుర్రం బొమ్మ చూడండి, దాదాపు మూడు మీటర్ల ఎత్తు కాన్వాస్, వెనక ఏమీ లేదు, గుర్రం ఒక్కటే. తోక, జూలు వదిలేస్తే ఒంటి మీద వెంట్రుక కోసం వెతుక్కోవాలి. ఊరికే రాలేదు లెండి, అంతకుముందు ఆయన ఏడాదిన్నర పాటు చచ్చిన గుర్రాలని కోసి కండరాలు గీశాడు.

పిల్లితో_బతుకు
ఏడాదిన్నరా! ఇంట్లోవాళ్లు ఎలా భరించారో.

రెండోకోటు
బొచ్చుకి విసనకర్రలా విచ్చుకునే ఫ్యాన్ బ్రష్ ఒక్కటుంటే చాలంటారుగా, అది ఎందుకు ఎవరూ చెప్పట్లేదు?

పాతకాన్వాస్
ఎందుకంటే అది ఒకే వెడల్పులో సమానంగా పది గీతలు వేస్తుంది. దువ్వెనతో దువ్విన గడ్డిలా వస్తుంది.

చెక్కపలక
వాడటం రాక ఫ్యాన్‌ని తిడతారు. కొత్త ఫ్యాన్ బ్రష్ తెచ్చి కత్తెరతో అక్కడక్కడా కుచ్చులు కత్తిరించి, మొన ఎగుడుదిగుడుగా చెయ్యండి. రంగు కొస వరకే అంటించండి, కాన్వాస్‌ని తాకీ తాకనట్టు తాకి ఎత్తేయండి. నేను పదేళ్లుగా గొర్రెలు, కుక్కలు అన్నీ దాంతోనే వేస్తున్నా. కానీ దానికంటే బాగా పనిచేసేది ఇంకొకటుంది. పాడైపోయి వెంట్రుకలు నాలుగు దిక్కులా విచ్చుకున్న పాత ఫిల్బర్ట్, అంటే కొస గుండ్రంగా ఉండే ఫ్లాట్ బ్రష్. దాన్ని మాత్రం పారెయ్యకండి ఎప్పుడూ.

సన్నగీత
నా దగ్గరున్న బ్రష్‌లన్నీ ఆ కోవకే వస్తాయి. నేను బొచ్చు స్పెషలిస్టునని ఇప్పుడే తెలిసింది.

కిట్టు_కుంచె
అందరి మాటలూ నోట్ చేసుకున్నా. బ్లాక్ అండ్ వైట్ చేసి చూశాను, పాతకాన్వాస్ గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం, నా కుక్క అప్పడంలా ఉంది. ఇప్పుడు ప్రశ్న ఏంటంటే, మూడు నెలల పని పారేసి మళ్లీ మొదలుపెట్టాలా, దీన్నే బాగు చెయ్యొచ్చా? కళ్లు మళ్లీ అలా వస్తాయన్న నమ్మకం లేదు నాకు.

చెక్కపలక
పారెయ్యొద్దు. నీడ భాగాల్లో గ్లేజ్, అంటే కింది రంగు కనబడేంత పలచటి పూత, వేసి ఆ వెంట్రుకల్ని వెనక్కి నెట్టేయండి. బర్న్ట్ అంబర్‌లో కొంచెం అల్ట్రామరైన్, మీడియం (రంగుని పలచన చేసే నూనె లాంటిది) ఎక్కువగా కలిపి, రంగు అద్దంలా పలచగా ఉండాలి. చెవి కింద, దవడ కింద పూసి మెత్తటి బట్టతో అద్దండి. కింద వేసిన వెంట్రుకలు కనబడుతూనే ఉంటాయి కానీ చీకట్లోకి వెళ్లిపోతాయి. అప్పుడు ఆ మూడు నెలల కష్టం కూడా పనికొస్తుంది. ముందు రంగు బాగా ఆరిందో లేదో చూసుకోండి, లేకపోతే గ్లేజ్‌తో పాటు వెంట్రుకలూ బట్టకొచ్చేస్తాయి.

తైలవర్ణం
రంగు గట్లు కట్టి ఉంటే ముందు బ్లేడుతో మెల్లగా గీకండి. సాండ్‌పేపర్ వాడితే తడిపి రుద్దండి, ఆ పొడి పీల్చకూడదు. అక్కడక్కడా రంగు చప్పబడి మాసినట్టు కనిపిస్తే కొద్దిగా నూనె పలచగా పూసి తుడిచెయ్యండి, అసలు రంగు బయటికొస్తుంది. అది చెయ్యకుండా టోన్ కలిపితే తప్పుతుంది, ఎందుకంటే చప్పబడిన ముదురు రంగు ఉన్నదానికంటే లేతగా కనిపిస్తుంది.

ఆ నూనె బట్టలు మాత్రం ఉండచుట్టి మూల పడెయ్యకండి. లిన్సీడ్ నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, బట్టల కుప్ప దానంతటదే అంటుకోవచ్చు. నీళ్లలో తడిపి, పరిచి ఆరబెట్టండి.

సున్నాబ్రష్
దీని మీద నా పాపం ఒకటి ఒప్పుకోవాలి. నల్ల కుక్కని వేశాను ఒకసారి. అడుగున ఐవరీ బ్లాక్ దట్టంగా, నూనె కలిపి. తొందరపడి పైన టర్పెంటైన్‌తో పలచన చేసిన రంగుతో మెరుపు వెంట్రుకలు. ఐవరీ బ్లాక్ ఎంతకీ ఆరదు, పైన పొర చకచకా ఆరింది. ఏడాది తిరక్కుండా కుక్క వీపంతా ఎండిన చెరువు అడుగులా పగిలింది. అడుగున నూనె తక్కువ, పైకి వెళ్లేకొద్దీ ఎక్కువ. ఇది ఎవరికైనా చెప్పగలను, నేను పాటించను.

తైలవర్ణం
నలుపుకి బర్న్ట్ అంబర్, అల్ట్రామరైన్ కలపండి, అంబర్ వల్ల త్వరగా ఆరుతుంది. ఆ రెండిట్లో ఏది ఎక్కువేస్తే నలుపు అటు మొగ్గుతుంది. ఆరుబయట ఉన్న నల్ల కుక్క వీపు మీద మెరుపు తెల్లగా ఉండదు, ఆకాశం పడి నీలంగా ఉంటుంది. అక్కడ వైట్ పెడితే నెరిసిన కుక్క అవుతుంది.

పాతకాన్వాస్
కిట్టు గారూ, అసలు బొమ్మ మీద చెయ్యి పెట్టే ముందు చిన్న పలక మీద ఒక్క ముక్క వేసి చూడండి. చెవి అంచు నుంచి బుగ్గ వరకు, అరచెయ్యంత. నేనెలా చేస్తానో చెప్తా.

ముదురు రంగు ముందు, పలచగా, చెవి కింద గుంటలో. దాని పక్కనే మధ్యరకం, రా సియెన్నా (పసుపు గోధుమ రంగు), కొంచెం అంబర్, చిటికెడు వైట్. బుగ్గ మీద లేత రంగు. మూడూ తడిగానే ఉన్నాయి, వాటి మధ్య అంచులు గీత గీసినట్టున్నాయి. ఇప్పుడు చెక్కపలక గారు చెప్పిన విచ్చుకున్న ఫిల్బర్ట్, పొడిగా, రంగు లేకుండా. లేత రంగులో ఆనించి, బొచ్చు వాలిన దిక్కుకే, చీకట్లోకి లాగి చివర్లో ఎత్తెయ్యాలి. ఎత్తేటప్పుడు మణికట్టు కదలాలి, వేళ్లు కాదు. రెండు లాగుళ్లకోసారి బ్రష్ తుడవండి. తుడవకపోతే మూడూ కలిసి బురద. పది పన్నెండు సార్లు లాగేసరికి గీత లాంటి అంచు పాయలుగా విడిపోతుంది. ఒక పాయ లావు, పక్కది సన్నం, ఒకటి పక్కదాని మీదికి ఎక్కుతుంది. పాయల మధ్యలో చిన్న త్రికోణం లాంటి చీకట్లు మిగులుతాయి. వాటిని ముట్టుకోవద్దు, బొచ్చు లోతంతా వాటిలోనే ఉంటుంది.

ఆరనివ్వండి. లిక్విన్ లాంటి, రంగుని త్వరగా ఆరబెట్టే మీడియం కలిపితే మర్నాడో ఎల్లుండో ఆరుతుంది. ఆరాక రిగ్గర్ బ్రష్ (పొడుగు వెంట్రుకల సన్న బ్రష్), రంగు సిరా అంత పలచగా. ఈ అరచెయ్యంత ముక్కలో మీకు ఇరవై వెంట్రుకలు ఇస్తున్నాను. ఇరవై ఒకటోది వెయ్యకూడదు. పాయ విడిపోయే చోట, వెలుగు తాకే చోట, చెవి అంచు దాటి గాల్లోకి వెళ్లే చోట. అంతే.

సున్నాబ్రష్
ఇరవయ్యా? రేషన్ కార్డు ఇస్తారా?

గాలివాటు
నవ్వులాటకి అన్నా, లెక్క పెట్టుకోవడం పనిచేస్తుంది. నేను పులిని వేసినప్పుడు చారల దగ్గర అలాగే చేశా. చారని గీతలా నల్లగా వేసి వదిలేస్తే ఒంటి మీద టేప్ అంటించినట్టుంటుంది. చార అంచు దగ్గర నారింజ వెంట్రుకలు నలుపు మీదికి, నల్ల వెంట్రుకలు నారింజ మీదికి కొన్ని వాలాలి. ఒక్కో అంచుకి ఏడెనిమిది చాలు.

రెండోకోటు
నాది పొట్టి ప్రశ్న. ఇదంతా ముతక కాన్వాస్ మీద వస్తుందా?

చెక్కపలక
సన్న గీతలు నేత గుంటల్లో పడి తెగిపోతాయి. నున్నటి పలకో, సన్న నేత లినెనో తీసుకో. గెస్సో (రంగుకి ముందు వేసే అడుగు పూత) ఆరాక రుద్ది ఇంకో పూత వేసుకున్నా సరే. నా పేరు ఊరికే పెట్టుకోలేదు.

కిట్టు_కుంచె
పది రోజులైంది, రిపోర్ట్.

మొదటి పలక: బ్రష్ తుడవడం మర్చిపోయా, బురద. రెండో పలక: పాయలు వచ్చాయి! ఆ త్రికోణం చీకట్లు నిజంగానే వచ్చాయి. ఇరవై వెంట్రుకలు అన్నారు, ముప్పై నాలుగు వేశాను, క్షమించాలి. మూడో పలక పక్కన పెట్టి అసలు బొమ్మ మీదికి దూకాను. చెవుల కింద గ్లేజ్ వేశాను, ఒక్క పూటలో తల గుండ్రంగా అయిపోయింది. నమ్మలేకపోయాను. మా అమ్మాయి వచ్చి "ఆరిపోయింది" అంది.

కానీ కొత్త సమస్య. ఇప్పుడిది కుక్కలాగే ఉంది, మా కుక్కలా లేదు.

సన్నగీత
ఫోటో చూశా. తల బాగుంది. ఛాతీ మీద తెలుపు మాత్రం తిన్నగా కిందికి కారుతోంది, గడ్డం పెంచినట్టు. అసలు ఫోటోలో అక్కడ ఏముంది?

కిట్టు_కుంచె
ఫోటోలో నీడలో ఉంది, సరిగ్గా కనబడదు. గాలివాటు గారు చెప్పినట్టు కళ్లు మూసుకుని కూర్చున్నా. ఛాతీ మధ్యలో, కాలర్‌కి నాలుగు వేళ్ల కింద, ఒక సుడి ఉండేది. అక్కడ వేలు పెట్టి తిప్పితే వాడు వెనక కాలు ఆడించేవాడు. పదకొండేళ్లు రోజూ చేసిన పని, మూడు నెలలు బొమ్మ వేస్తూ ఒక్కసారి గుర్తు రాలేదు.

గాలివాటు
అదే వెయ్యండి. సుడి నడిమధ్యలో ముదురు చుక్క, దాని చుట్టూ పొట్టి పాయలు బయటికి విచ్చుకుంటూ. కింది వైపు పాయలు పొడుగు, పై వైపువి పొట్టిగా తిరిగి మడుచుకోవాలి. అచ్చమైన వైట్ అక్కడ వాడకండి, నీడలో ఉంది కదా, పిల్లితో_బతుకు గారి బూడిద నీలం చాలు.

కిట్టు_కుంచె
వేశాను. వాడే.

ఫోటో రేపు వెలుతురులో తీసి పెడతాను. ఇక మీసాలు మిగిలాయి, భయంగా ఉంది.

సున్నాబ్రష్
ఇది నా ఏరియా. రిగ్గర్‌తో, పలచటి రంగు, ఊపిరి బిగబట్టి ఒకే లాగుడు. మొదలు లావు, చివర సన్నం. మధ్యలో ఆగి మళ్లీ మొదలుపెడితే అతుకు కనబడుతుంది. కింద రంగు పూర్తిగా ఆరి ఉంటే నచ్చనిదాన్ని టర్పెంటైన్‌లో ముంచి పిండిన బట్టతో వెంటనే తుడిచెయ్యొచ్చు. అన్నీ తెల్లగా వెయ్యకండి. వెలుగు మీదున్నవి ముదురు రంగులో, చీకటి మీదున్నవి లేత రంగులో. మూతి మీద చుక్కల వరసలుంటాయి, వాటిలోంచే పుట్టాలి మీసం.

పాతకాన్వాస్
ఈయనతో మొదటిసారి పూర్తిగా ఏకీభవిస్తున్నాను. తేదీ రాసిపెట్టుకోండి ఎవరైనా.

కిట్టు_కుంచె
నాలుగు బాగా వచ్చాయి. ఐదోది లాగుతుంటే కిందెక్కడో తలుపు చప్పుడైంది, వంకర పోయింది. తుడవబోయి ఆగాను. వాడికి ఎడమ పక్క ఒకటి నిజంగానే వంకరగా ఉండేది. ఉంచేశాను.

చెక్కపలక
సంతకం పెట్టి బ్రష్‌లు కడిగెయ్యండి. వార్నిష్‌కి ఆరు నెలలు ఆగండి, ఏడాదైతే ఇంకా మంచిది. ఈలోపు రోజూ ఒక్క వెంట్రుక అంటూ దాని దగ్గరికి వెళ్లారంటే మళ్లీ చీపురే.

కిట్టు_కుంచె
ఇప్పటికే రెండు వేశానండీ పొద్దున.